ఆకాశానికి ఎక్కని అణుకొలిమి

హైదరాబాద్‌కు దక్షిణాన, ఔటర్ రింగు రోడ్డు దిగగానే తగిలే ఆదిభట్లలో సీ-130జే సూపర్ హెర్క్యులస్ రవాణా విమానాల తోకలు తయారవుతాయి. టాటాలు, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి 2010లో పెట్టిన కంపెనీ అది. ప్రపంచంలో ఏ దేశం కొత్త సీ-130జే కొన్నా దాని తోక ఇక్కడి నుంచే వెళ్లాలి. ఇప్పటికి 200కు పైగా వెళ్లాయి. సముద్రం దాటి, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని మారియెట్టా కర్మాగారం చేరాక అక్కడ విమానానికి బిగిస్తారు. అదే ఆదిభట్లలో టాటాల మరో యూనిట్, జీఈ కోసం లీప్ జెట్ ఇంజన్ల విడిభాగాలు చేస్తుంది. ఊరికి ఆ చివర, మాదాపూర్ ఇన్ఫోసిటీలో, బీవీఆర్ మోహన్ రెడ్డి 1991లో మొదలుపెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ ఉంది. 2014 నుంచి దాని పేరు సైయెంట్. సైబర్ టవర్స్‌కు ప్రారంభోత్సవం జరిగిన ఒకటి రెండేళ్లకే ఈ సంస్థ ఇంజనీర్లు ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల డిజైన్ పని చేపట్టారు. తర్వాత ఆ అమెరికా కంపెనీ ఇందులో వాటా కూడా తీసుకుంది.

లాక్‌హీడ్, జీఈ, ప్రాట్ అండ్ విట్నీ. హైదరాబాద్‌లో ఏరోస్పేస్ ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లకు కొట్టిన పిండి లాంటి పేర్లు. ఈ ముగ్గురూ 70 ఏళ్ల కిందట ఒకే పిచ్చి పనిలో తలమునకలై ఉన్నారన్నది మాత్రం వారిలో చాలామందికి తెలియదు. కిరోసిన్ అక్కర్లేకుండా, అణు రియాక్టర్ వేడితో, వారాల తరబడి దిగకుండా ఎగిరే బాంబర్ విమానం చేయాలన్నది ఆ పని. 15 ఏళ్లు సాగింది. 100 కోట్ల డాలర్లకు పైగా మింగింది. ఒక్క విమానం కూడా అణుశక్తితో ఎగరలేదు.

ఆశ పుట్టడానికి కారణం మటుకు గట్టిదే. ఒక గ్రాము యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే వచ్చే వేడి, దాదాపు 2 టన్నుల కిరోసిన్ మండితే వచ్చే వేడితో సమానం. శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఎగిరే విమానం దారిలో ఐదారు టన్నుల ఇంధనం కాలుస్తుంది. లెక్క ప్రకారం మూడు గ్రాముల యురేనియంతో ఆ పని అయిపోవాలి. 1945లో రెండు బాంబులు చూసిన అమెరికా సైన్యానికి ఈ లెక్క నిద్ర పట్టనివ్వలేదు. అప్పటికి ఖండాంతర క్షిపణులు లేవు. సోవియట్ దేశం మీద బాంబు వేయాలంటే విమానం పోవాలి, పోయి తిరిగి రావాలి. అంత దూరానికి సరిపడా ఇంధనం మోసే జెట్ విమానం వాళ్ల దగ్గర లేదు.

1946 మే నెలలో సైన్యం ఫెయిర్‌చైల్డ్ కంపెనీకి ఈ పని అప్పగించింది. మకాం టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్. రెండేళ్ల తర్వాత, అసలిది అయ్యే పనేనా అని ఎంఐటీ వాళ్లను అడిగారు. అవుతుంది, కానీ 15 ఏళ్లూ 100 కోట్ల డాలర్లకు మించీ పడుతుందని వాళ్లు తేల్చారు. ఖర్చు, గడువు విషయంలో ఆ అంచనా ఆశ్చర్యపోయేంత సరిగ్గా కుదిరింది. 'అవుతుంది' అన్న మాటే తప్పింది.

1951లో పథకాన్ని తిరగరాసి ఇంజన్ పనిని రెండు కంపెనీలకు పంచారు. జీఈకి ఒక దారి, ప్రాట్ అండ్ విట్నీకి మరో దారి. విమానం ఒడ్డూ పొడుగూ తేల్చే పని జీఈ పక్షాన కాన్వేర్, ప్రాట్ పక్షాన లాక్‌హీడ్ తలకెత్తుకున్నాయి.

ఆ రెండు దారులేమిటో తెలియాలంటే మామూలు జెట్ ఇంజన్ లోపలికి చూడాలి. ముందు నుంచి గాలి లోపలికొస్తుంది. కంప్రెసర్ రెక్కలు దాన్ని నొక్కి చిక్కబరుస్తాయి. దహన గదిలో కిరోసిన్ చిమ్మి మండిస్తారు. వేడెక్కి ఉబ్బిన గాలి టర్బైన్‌ను తిప్పుకుంటూ వెనక నుంచి విసురుగా బయటపడుతుంది. ఆ విసురుకే విమానం ముందుకు పోతుంది. ఇక్కడ గమనించాల్సింది, ఇంజన్‌కు కావలసింది మంట కాదు, వేడి. కొలిమిలో బొగ్గులు తీసేసి అక్కడ ఎర్రగా కాగిన ఇనుము పెట్టినా తిత్తి ఊదే గాలి వేడెక్కుతుంది కదా! జీఈ చేసింది అదే. దహన గది తీసేసి ఆ స్థానంలో రియాక్టర్ పెట్టింది. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి నేరుగా యురేనియం ఇంధన పలకల మధ్య నుంచి దూరి, వేడెక్కి, టర్బైన్‌కు చేరుతుంది. గొట్టాలు తక్కువ, బరువు తక్కువ, పని సులువు.

చిక్కేమిటంటే, ఇంధన పలకలను ఒరుసుకున్న ఆ గాలే వెనక నుంచి ఊళ్ల మీదికి పోతుంది. పలకకు ఎక్కడ చిన్న పగులొచ్చినా రేడియోధార్మిక పదార్థం పొగతో పాటే బయటికొస్తుంది.

ప్రాట్ అండ్ విట్నీ దారి ఇంకాస్త మర్యాదైనది. రియాక్టర్‌ను మూసి ఉంచి, అందులో కరిగిన లోహం తిప్పుతారు. ఆ లోహం వేడిని మోసుకొచ్చి ఇంజన్ దగ్గరున్న రేడియేటర్‌లో గాలికి అప్పజెప్పి వెనక్కి పోతుంది. గాలి రియాక్టర్‌ను తాకదు. శుభ్రమైన పద్ధతే, కానీ ఎర్రగా కాగిన ద్రవ లోహాన్ని గొట్టాల్లో, పంపుల్లో, అదీ గాలిలో ఊగే విమానంలో తిప్పాలి. సోడియం లాంటి లోహం గాలి తగిలితేనే మండుతుంది. కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో దీనికోసం ప్రత్యేకంగా ప్రయోగశాల కట్టారు. పథకం రద్దయ్యేనాటికి కూడా వాళ్లు విమానానికి పనికొచ్చే రియాక్టర్‌ను నడిపే దశకు చేరలేదు.

ఓక్ రిడ్జ్ శాస్త్రవేత్తలకు ఈ లోగా ఇంకో ఆలోచన వచ్చింది. లోహం బదులు ఉప్పు కరిగిస్తే? సోడియం ఫ్లోరైడ్, జిర్కోనియం ఫ్లోరైడ్ మిశ్రమంలో యురేనియంను కూడా ఫ్లోరైడ్ రూపంలో కలిపేస్తే ఇంధనమూ అదే, వేడి మోసేదీ అదే. 1954 నవంబరులో ఇలాంటి చిన్న రియాక్టర్‌ను నడిపించారు. దాని శక్తి రెండున్నర మెగావాట్లు. ఉప్పు 860 డిగ్రీల సెల్సియస్ దాకా కాగింది. తొమ్మిది రోజులు నడిచి ఆగింది. విమానం కోసం చేసిన ఈ ప్రయోగమే కరిగిన ఉప్పు రియాక్టర్లన్నిటికీ మూలపురుషుడు. ఇవాళ థోరియం నుంచి విద్యుత్ తీయాలని ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం అధ్యయనం చేస్తున్న నమూనాల్లో ఈ తరహా ఒకటి. ఆ థోరియం దొరికే మోనజైట్ ఇసుక శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లో పుష్కలం. ఎగరని విమానం ఎక్కడికి దారి తీసిందో చూడండి!

అసలు అడ్డుపుల్ల రియాక్టర్ కాదు, లోపల కూర్చునే మనిషి. లెక్క ప్రకారం మూడు గ్రాములు చాలవచ్చు గానీ, గొలుసు చర్య నిలవాలంటే రియాక్టర్‌లో కిలోల కొద్దీ యురేనియం ఉండాలి. నడుస్తున్న రియాక్టర్ నుంచి న్యూట్రాన్లు, గామా కిరణాలు అన్ని దిక్కులా చిమ్ముతాయి. గామాను ఆపడానికి సీసం లాంటి బరువైన లోహం కావాలి. న్యూట్రాన్లకు సీసం అంతగా పనిచేయదు, వాటిని నెమ్మదింపజేయడానికి హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న నీరో, రబ్బరో, ప్లాస్టిక్కో మందంగా పెట్టాలి. నేల మీది విద్యుత్ కేంద్రంలో దీనికి మీటర్ల మందం కాంక్రీటు పోస్తారు. విమానానికి అది కుదరదు. అందుకని కవచాన్ని రెండుగా చీల్చారు. రియాక్టర్ చుట్టూ కొంత, పైలట్ల గది చుట్టూ కొంత. మధ్యలో వీలైనంత దూరం. మిగతా దిక్కులకు పోయే కిరణాలను పోనిచ్చారు. విమానం చుట్టుపక్కల, నేల మీద ఉన్నవాళ్ల సంగతి తర్వాత చూసుకుందామన్నారు.

ఈ లెక్కలు సరిచూడటానికి ఓక్ రిడ్జ్‌లో 1954లో నాలుగు ఎత్తైన ఉక్కు స్తంభాలు నిలబెట్టారు. వాటి మధ్య రియాక్టర్‌ను 200 అడుగుల ఎత్తుకు తీగలతో వేలాడదీశారు. నేలకు తగిలి తిరిగొచ్చే రేడియేషన్ లేకుండా, గాలిలో ఉన్నట్టే కొలవడానికి ఈ ఏర్పాటు.

ఇంకో లెక్క దీనికన్నా అసహ్యమైనది. సిబ్బంది ఎంత రేడియేషన్ తట్టుకోగలరు? జపాన్ బాధితుల వివరాలు చాలవని, ఆరోగ్యవంతులైన ఖైదీల మీద ప్రయోగాలు చేసి తేల్చాలని 1949-50లో ఈ పథకం వైద్య సలహాదారులు కొందరు గట్టిగా వాదించారు. మిగతా పెద్దలు వద్దనడంతో అనుమతి రాలేదు. న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యులకు శిక్షలు పడి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

విమానంలోకి రియాక్టర్ ఎక్కిన మాట మాత్రం నిజం. 1952లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ దగ్గర సుడిగాలికి దెబ్బతిన్న బీ-36 బాంబర్‌ను కాన్వేర్ కంపెనీ తీసుకుని ముక్కు భాగం పూర్తిగా మార్చింది. ఐదుగురు సిబ్బంది కూర్చునే గదికి సీసం, రబ్బరుతో దాదాపు 12 టన్నుల కవచం. కిటికీ అద్దాలు అడుగు మందం. వెనక బాంబుల గదిలో సుమారు 16 టన్నుల బరువున్న ఒక మెగావాట్ రియాక్టర్. తోక మీద రేడియేషన్ గుర్తు. దీనికి ఎన్‌బీ-36హెచ్ అని పేరు పెట్టి 1955 సెప్టెంబరు నుంచి 1957 మార్చి దాకా 47 సార్లు ఎగరేశారు. మొత్తం 215 గంటల్లో 89 గంటలు రియాక్టర్ నడుస్తూనే ఉంది. అయితే ఇంజన్లకూ దానికీ సంబంధం లేదు. విమానం మామూలు పెట్రోలుతోనే ఎగిరింది. కవచం పనిచేస్తోందా లేదా అన్నది కొలవడానికే ఈ తతంగం. వెంట మరో విమానంలో సాయుధ సైనికులు పారాచూట్లతో సిద్ధంగా ఉండేవారు. ఇది ఎక్కడైనా కూలితే వాళ్లు దూకి, జనం దగ్గరికి రాకుండా చుట్టూ కాపలా కాయాలి.

అన్నట్టు, ఫోర్ట్ వర్త్‌లోని ఆ కాన్వేర్ కర్మాగారాన్ని ఇప్పుడు నడిపేది లాక్‌హీడ్ మార్టినే. 1993లో లాక్‌హీడ్ చేతికి వచ్చింది. ఎఫ్-35 యుద్ధవిమానాలు అక్కడే తయారవుతాయి.

లాక్‌హీడ్ తన వంతు పని మారియెట్టా నుంచి నడిపింది. ఆదిభట్ల తోకలు చేరే చోటే. అక్కడికి ఉత్తరాన, డాసన్‌విల్ దగ్గర 10 వేల ఎకరాల అడవి తీసుకుని 1950ల చివర రియాక్టర్ పెట్టింది. ఈ రియాక్టర్ మామూలుగా నీటి తొట్టిలో మునిగి ఉంటుంది. ప్రయోగం వేళకు పనివాళ్లంతా భూగర్భ గదుల్లోకి దిగాక దాన్ని పైకెత్తి, ఏ కవచమూ లేకుండా బయట గాలిలో నడిపేవారు. విమాన పరికరాలు, కందెనలు, రబ్బరు ముక్కలు దాని చుట్టూ పేర్చి, రేడియేషన్‌కు అవి ఎలా చెడిపోతాయో చూసేవారు. పనిలో పనిగా చుట్టూ ఉన్న చెట్లూ చచ్చాయి. ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ అడవి ఎలా మాడి ఎలా తేరుకుందో అధ్యయనం చేశారు. 1971లో ప్రయోగశాల మూతపడింది. అట్లాంటా నగరం రెండో విమానాశ్రయం కడదామని ఆ నేల కొన్నది గానీ కట్టలేదు. ఇప్పుడది వేటకూ, గుర్రపు స్వారీకీ, నడకకూ తెరిచిన డాసన్ అడవి. కమ్మింగ్, ఆల్ఫరెట్టాల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు జీఏ-400 రోడ్డు మీద డాసన్‌విల్ ఔట్‌లెట్ మాల్‌కు వెళ్లినప్పుడు ఆ అడవి పక్కగానే పోతున్నారు. రేడియేషన్ సోకిన వస్తువులను విప్పిచూసిన కాంక్రీటు భవనం కంచె లోపల ఇప్పటికీ నిలబడి ఉంది.

అందరికన్నా ముందుకు పోయింది జీఈ. ఐడహో రాష్ట్రంలో మనిషి వాసన లేని మైదానం మధ్య పరీక్షా కేంద్రం పెట్టింది. తన జే47 ఇంజన్‌ను మార్చి, రియాక్టర్‌కు కలిపి, 1956 మొదట్లో కిరోసిన్ చుక్క లేకుండా అణువేడితోనే తిప్పింది. జెట్ ఇంజన్ అణుశక్తితో నడవడం ప్రపంచంలో అదే మొదలు. తర్వాత మరో రెండు నమూనాలు. మూడోది విమానంలో అమర్చే తీరుగా అడ్డంగా పడుకోబెట్టి కట్టినది. దాని శక్తి 35 మెగావాట్లు, రెండు ఇంజన్లను తిప్పగలిగేది. న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి అందులో జిర్కోనియం హైడ్రైడ్ వాడారు.

జిర్కోనియం అనగానే హైదరాబాద్‌వాసికి మౌలాలి గుర్తుకు రావాలి. న్యూట్రాన్లను మింగకుండా వదిలేసే ఈ లోహాన్ని ఇసుక నుంచి తీసి, శుద్ధి చేసి, రియాక్టర్ గొట్టాలుగా సాగదీసే అణు ఇంధన సముదాయం 1971 నుంచి అక్కడ నడుస్తోంది. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాల ఇంధన కట్టలు చాలావరకు అక్కడివే. పక్కనే ఈసీఐఎల్. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు 1967లో దాన్ని నెలకొల్పి రియాక్టర్ల నియంత్రణ పరికరాలు మన దగ్గరే చేయించారు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే వెలసింది. అణువు ఊరికి తూర్పున, జెట్ ఇంజన్ పడమరనా దక్షిణానా. హైదరాబాద్‌లో ఆ రెండు విద్యలూ ఉన్నాయి గానీ, వాటిని కలిపి విమానంలో పెట్టాలన్న దుర్బుద్ధి మనవాళ్లకు పుట్టలేదు.

నియంత్రణ పరికరం తప్పు చెబితే ఏమవుతుందో జీఈ మూడో నమూనా చూపించింది. 1958 నవంబరులో శక్తి పెంచుతుండగా కొలిచే సర్క్యూట్ వాస్తవం కన్నా తక్కువ చూపింది. యంత్రం అదే నిజమనుకుని నియంత్రణ కడ్డీలను ఇంకా బయటికి లాగింది. ఇంధనం కొంతవరకు కరిగిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. అదే పని 30 వేల అడుగుల ఎత్తున జరిగితే?

నేల మీద కూడా ఆ ఇంజన్ల దగ్గరికి మనిషి పోలేడు. నాలుగు పట్టాల రైలు మార్గం మీద, మందపాటి సీసపు గదిలో డ్రైవర్ కూర్చునే ప్రత్యేక ఇంజన్‌తో వాటిని లాక్కెళ్లేవారు. మరమ్మతులన్నీ యంత్ర హస్తాలతోనే. విమానం వస్తుందన్న ధీమాతో పెద్ద హ్యాంగర్ కూడా కట్టారు. రన్‌వే వేయనే లేదు.

బరువుకు ఇంకో వైపు కూడా ఉంది. మామూలు విమానం ఎగిరేకొద్దీ ఇంధనం కరిగి తేలికవుతుంది, దిగేటప్పుడు చక్రాల మీద పడే భారం తక్కువ. అణువిమానం ఎంత బరువుతో లేస్తుందో సరిగ్గా అంతే బరువుతో దిగాలి. పైగా రియాక్టర్‌ను సగం చేసినా కవచం సగమవదు. అంటే చిన్న అణువిమానం అన్నది ఊహకే అందదు. కాగితం మీద ప్రతి కొత్త డిజైన్ పాతదానికన్నా పెద్దదవుతూ పోయింది, వేగం మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఇదంతా తెలిసి కూడా ఎందుకు ఆపలేదంటే, నువ్వు తాడిని తంతే నేను దాని తలదన్నేవాణ్నన్న పంతం. 1958 డిసెంబరులో ఏవియేషన్ వీక్ పత్రిక, రష్యావాళ్లు అణు బాంబర్‌ను ఎగరేసేస్తున్నారని రాసింది. వాషింగ్టన్‌లో గగ్గోలు. తీరా చూస్తే అది మియాసిష్చెవ్ ఎం-50 అనే మామూలు కిరోసిన్ విమానం. నిజంగా రష్యావాళ్లు చేసింది, అమెరికావాళ్ల దారిలోనే, టీయూ-95 బాంబర్‌లో చిన్న రియాక్టర్ పెట్టి 1961 వేసవిలో ముప్పై పైచిలుకు సార్లు తిప్పడం. వాళ్ల ఇంజన్లూ మామూలు ఇంధనంతోనే నడిచాయి. వాళ్లకూ కవచం బరువే కొరకరాని కొయ్య అయింది.

అప్పటికే అవసరం తీరిపోయింది. 1957 జనవరిలో మూడు బీ-52 విమానాలు గాలిలోనే ఇంధనం నింపుకుంటూ ఆగకుండా భూమిని చుట్టొచ్చాయి. అదే ఏడాది స్పుత్నిక్, ఆ వెంటే ఖండాంతర క్షిపణులు. 1960లో అణు జలాంతర్గామి నుంచి పొలారిస్ క్షిపణి. 1961 మార్చి 28న కొత్త అధ్యక్షుడు కెనెడీ రక్షణ బడ్జెట్ సందేశంలో ఈ పథకానికి తెర దించారు. 15 ఏళ్లు, 100 కోట్ల డాలర్లు పెట్టినా సైన్యానికి పనికొచ్చే విమానం కనుచూపు మేరలో లేదన్నది ఆయన చెప్పిన కారణం.

జలాంతర్గామి నెగ్గి విమానం ఓడిపోవడంలో వింతేమీ లేదు. తెలుగువారికి ఇది విశాఖపట్నం దగ్గర కళ్లారా కనిపించే సంగతి. సోవియట్ దేశం నుంచి అద్దెకు తెచ్చిన ఐఎన్‌ఎస్ చక్ర 1988లో అక్కడికే వచ్చింది. 2009 జూలై 26న అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపిన ఐఎన్‌ఎస్ అరిహంత్ విశాఖలోనే తయారైంది. దాని రియాక్టర్ 83 మెగావాట్లు, ఓడ బరువు సుమారు 6,000 టన్నులు. అన్నీ కలుపుకుని బీ-36 నేల విడవగలిగిన గరిష్ఠ బరువు 186 టన్నులు. నీళ్లలో కొన్ని వందల టన్నుల సీసం వేసినా ఓడ తేలుతుంది. చుట్టూ ఉన్న సముద్రమే మంచి కవచం. చల్లబరచడానికి నీళ్లకు కొదవ లేదు.

మనిషిని తీసేస్తే బరువు సమస్య పోతుంది కదా అన్న బుర్రలు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాల 1957లో ప్లూటో అనే పథకం మొదలుపెట్టింది. టెడ్ మెర్కిల్ నాయకుడు. మనిషి లేని క్షిపణి, ధ్వనికి మూడు రెట్ల వేగం, చెట్ల కొమ్మలంత ఎత్తున ప్రయాణం. ఇంజన్ రామ్‌జెట్. హైదరాబాద్‌లో కూర్పు జరిగే బ్రహ్మోస్ క్షిపణిలో ఉన్నదీ రామ్‌జెట్టే. తిరిగే కంప్రెసర్ ఉండదు, దూసుకుపోయే వేగానికే గాలి నొక్కుకుపోతుంది. బ్రహ్మోస్‌లో ఆ గాలిలో ఇంధనం మండుతుంది, ప్లూటోలో అది రియాక్టర్ గుండా పోయి వేడెక్కాలి. లోహాలు ఆ వేడికి ఆగవు కాబట్టి ఇంధనాన్ని పింగాణీలో కలిపి పెన్సిల్ లావు గొట్టాలుగా కాల్చారు. లక్షల సంఖ్యలో వాటిని చేసిచ్చింది కొలరాడోలో బీరుకు పేరుమోసిన కూర్స్ కుటుంబం వారి పింగాణీ కంపెనీ. నేల మీద నిలబెట్టి పరీక్షించాలంటే మాక్ 3 వేగపు గాలిని ఎదురుగా ఊదాలి. దానికోసం నెవడా ఎడారిలో నూనె బావులకు వాడే గొట్టాలు 40 కిలోమీటర్ల పొడవున పరిచి, వాటి నిండా గాలిని కుక్కారు.

1964 మే నెలలో టోరీ-2సీ అనే ఆ ఇంజన్ 513 మెగావాట్ల శక్తితో ఐదు నిమిషాలు పనిచేసింది. అనుకున్నట్టే. ఆరు వారాలకే, జూలై 1న, పథకం రద్దయింది. కారణం సాంకేతికం కాదు. ఎక్కడ ఎగరేసి పరీక్షించాలి? దారి తప్పి లాస్ వేగస్ మీదికి వస్తే? తాడు కట్టి గిరగిరా తిప్పుదామన్న సలహా కూడా వచ్చింది. శత్రువు దగ్గరికి చేరేలోపు మిత్రదేశాల మీద రేడియేషన్ చల్లుకుంటూ పోయే ఆయుధం ఎవరికి కావాలి?

మన హైదరాబాద్‌లో, కంచన్‌బాగ్‌లోని క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో రామ్‌జెట్ జాతికే చెందిన స్క్రామ్‌జెట్ దహన గదిని వెయ్యి సెకన్లకు పైగా మండించింది. ప్లూటో ఐదు నిమిషాలకు అది మూడు రెట్లు. అందులో మండేది మామూలు ఇంధనమే. ఇంజన్ వేడికి ఏ పదార్థం ఆగుతుందన్న ప్రశ్న మాత్రం అప్పటిదే, ఇప్పటికీ అదే. పక్కనున్న లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ కావేరీ జెట్ ఇంజన్ టర్బైన్ రెక్కల కోసం, మిధానీ ప్రత్యేక మిశ్రలోహాల కోసం పడ్డ పాట్లన్నీ దాని చుట్టూనే. నిజానికి అణువిమానం వెనక మిగిలిన ఆస్తి కూడా ఇదే. రియాక్టర్ పోయింది, వేడిని తట్టుకునే లోహాల మీద, పింగాణీల మీద, కవచాల లెక్కల మీద వచ్చిన జ్ఞానం నిలిచింది.

ప్లూటోను అమెరికా పాతిపెట్టింది గానీ రష్యా తవ్వి తీసింది. 2018 మార్చిలో పుతిన్ బురెవెస్త్నిక్ అనే అణుశక్తి క్షిపణి గురించి ప్రకటించారు. మరుసటి ఏడాది ఆగస్టు 8న తెల్ల సముద్రం ఒడ్డున న్యోనోక్సా దగ్గర జరిగిన పేలుడులో ఐదుగురు అణు నిపుణులు చనిపోయారు, పక్క ఊళ్లో రేడియేషన్ పెరిగింది. ఆ పేలుడు ఈ క్షిపణిదేనని చాలామంది నిపుణుల అంచనా. 2025 అక్టోబరులో అది 15 గంటల పాటు 14 వేల కిలోమీటర్లు ఎగిరిందని రష్యా సైన్యాధిపతి చెప్పారు. నిజమే అనుకున్నా, 1964లో అమెరికా జనరళ్లకు అక్కర్లేని ఆయుధం ఇవాళ ఎవరికైనా మేలు చేస్తుందని నమ్మడానికి ఆధారమేదీ లేదు. ఇది కూలితే ఎక్కడ కూలుతుందన్న పాత ప్రశ్నకు కొత్త జవాబు లేదు.

జీఈ ఇంజన్లు రెండు మాత్రం ఇప్పటికీ చూడొచ్చు. సైబరాబాద్ ఉద్యోగాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు, పిల్లల దగ్గరికి వేసవికి వెళ్లే అమ్మానాన్నలు ఎలాగూ ఎల్లోస్టోన్ పార్కుకు పోతుంటారు. ఆ దారిలో ఐడహో ఫాల్స్‌లో ఆగి, పడమరగా ఆర్కో రోడ్డున సుమారు 80 కిలోమీటర్లు పోతే ఈబీఆర్-1 మ్యూజియం వస్తుంది. 1951 డిసెంబరు 20న అణు విద్యుత్‌తో ప్రపంచంలో మొదటిసారి నాలుగు బల్బులు వెలిగింది అక్కడే. మూడంతస్తుల ఎత్తున్న ఆ ఇంజన్లు దాని బయటే, ఆరుబయట, తమ రైలు బండ్ల మీదే నిలబడి ఉన్నాయి. మే చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా తెరిచి ఉంటుంది, టికెట్ లేదు.